సంక్రాంతి పాటల మిక్స్: పాత క్యాసెట్ నుంచి చుట్టాల చేతిలో పెన్ డ్రైవ్ దాకా

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. బొబ్బిలి దగ్గర పల్లెలో పాత ఇల్లు సర్దుతుంటే నలభై దాకా క్యాసెట్లు బయటపడ్డాయి. హరిదాసు కీర్తనలు, గొబ్బి పాటలు, గంగిరెద్దుల సన్నాయి, ఒక జముకుల కథ (జముకు వాయిస్తూ పాడి చెప్పే కథ), ఎవరు పాడారో తెలియని వింత పాటలు కొన్ని. వీటికి తోడు ఈమధ్య ఫోన్‌లో తీసిన తప్పెటగుళ్ళు (తప్పెట కొడుతూ ఆడి పాడే జానపద నృత్యం). అన్నీ కలిపి గంటంబావు మిక్స్ చేసి పండక్కి వచ్చే చుట్టాలకి పంచాలని కోరిక. ఒకసారి చేసి చూస్తే ఒక పాట చెవులు పగిలేలా, ఇంకోటి వినబడీ వినబడనట్టు వచ్చింది. టేపు సొద, అంటే వెనక సుయ్‌మనే చప్పుడు, తీయబోతే గొంతు నీళ్ళలో మునిగినట్టయింది. కారులో పెడితే వరస తారుమారైంది.

మూడింటికీ ఉపాయం ఉంది, చెబుతాను. కానీ మిక్స్ చెయ్యడం ఇందులో రెండో పని. క్యాసెట్‌లో ఉన్నదాన్ని ఏ మార్పూ లేకుండా కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం మొదటి పని. మిక్స్ నచ్చకపోతే వచ్చే పండక్కి మళ్ళీ చేసుకోవచ్చు. ముప్పై ఏళ్ళనాటి టేపు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ ఒక్కసారి తిప్పడమేదో శ్రద్ధగా తిప్పండి.

ప్లేయర్లో పెట్టేముందు ప్రతి క్యాసెట్‌నీ వెలుతురులో పట్టి చూడండి. కిటికీలోంచి టేపు చుట్ట అంచు మీద తెల్లటి పొర, చుక్కలు కనబడితే అది బూజు. సముద్రపు చెమ్మ తగిలే మన జిల్లాల్లో ఇది మామూలే. బూజు పట్టినదాన్ని అలాగే ఆడిస్తే, టేపుని తాకి ధ్వనిని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. వాటిని వేరే సంచిలో పెట్టి ఆఖర్న చూసుకోండి. అప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, పొడి మెత్తటి గుడ్డ మధ్యనుంచి టేపుని నెమ్మదిగా జారనిస్తూ చుట్టాలి.

తర్వాత క్యాసెట్ నోటి దగ్గర, టేపు వెనక, రాగి రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడండి. టేపుని హెడ్‌కి ఆనించి పట్టేది అదే. పాత జిగురు ఎండిపోయి ఊడిపోతుంది. అది లేకపోతే పాట నడుస్తూనే ఉంటుంది గానీ మసకబారుతూ, తేరుకుంటూ ఉంటుంది. టేపే పాడైందనుకుని పారేస్తారు. పనికిరాని ఇంకో క్యాసెట్‌లోంచి రేకుతో సహా తీసి ఇందులో పెడితే సరిపోతుంది. మూలలకీ మధ్యలోకీ కలిపి అయిదు స్క్రూలుంటాయి. స్క్రూలు లేకుండా అతికించేసిన రకమైతే అతుకు వెంట బ్లేడుతో జాగ్రత్తగా విప్పి, రెండు చుట్టలనీ స్క్రూలున్న డొల్లలోకి మార్చండి.

పెన్సిల్ దూర్చి వదులు లాగేశాక, ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్ళీ మొదటిదాకా వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి ఒకదానికొకటి కరుచుకున్న పొరలు విడతాయి, చుట్ట సమంగా పడుతుంది. సీ-90 (రెండు పక్కలూ కలిపి 90 నిమిషాల) టేపులతో ఇంకాస్త జాగ్రత్త. సీ-60 టేపు మందం 18 మైక్రాన్ల దాకా ఉంటే, సీ-90ది 12 మాత్రమే. మాటిమాటికీ ఆపి, వెనక్కి లాగి వింటే సాగుతుంది, లేదా ప్లేయర్ మింగేస్తుంది.

ప్లేయర్ సంగతి. మూల పడి ఉన్న టేప్ రికార్డర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, కొన్నింటిలో తారులా కరిగిపోయి ఉంటుంది. బెల్టు మార్చకుండా మొదలుపెట్టకండి. హెడ్ మీదా, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీ మీదా గోధుమరంగు తుప్పులాంటిది పేరుకుంటుంది. దాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది పుల్లతో తుడవండి. గాయాలకి వాడే 70 శాతం సీసాలో నీళ్ళ పాలు ఎక్కువ, అది వద్దు. టేపుని నొక్కిపట్టే రబ్బరు చక్రానికి ఆల్కహాల్ కన్నా తడిగుడ్డ మీద ఒక చుక్క గిన్నెల సబ్బు మేలు. ప్రతి నాలుగైదు క్యాసెట్లకీ మళ్ళీ తుడవాలి.

ఇప్పుడు అందరూ వదిలేసే పని ఒకటుంది, నన్నడిగితే సగం ఫలితం దీనిలోనే ఉంది. హెడ్‌కి పక్కన చిన్న స్క్రూ ఒకటి స్ప్రింగు మీద ఉంటుంది. అది హెడ్ వాలుని సరిచేస్తుంది. మీ క్యాసెట్లు ఒక్కోటి ఒక్కో రికార్డర్‌లో చేసినవి; ఆ రికార్డర్ హెడ్ వాలుకీ ఈ ప్లేయర్ వాలుకీ వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్థాయి (సన్నటి, పదునైన చప్పుళ్ళు) అంతా మూసుకుపోతుంది. హరిదాసు చిడతలు ఇక్కడ మీకు కొలబద్ద. చిడతల చప్పుడు గుడ్డలో చుట్టి కొట్టినట్టుంటే వాలు తప్పిందన్నమాట. స్క్రూ మొదట ఉన్న చోటు గోళ్ళరంగుతో గుర్తు పెట్టుకోండి. ఆడుతుండగానే సన్నటి స్టార్ స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ పావుచుట్టుకి మించకుండా తిప్పుతూ వినండి. చిడతల్లోని బిళ్ళలు విడివిడిగా, గలగలమని వినబడే చోట ఆపండి. కుడి, ఎడమ ఛానెళ్ళు రెంటినీ కలిపి మోనోలో వింటే ఆ చోటు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. వచ్చే క్యాసెట్‌కి మళ్ళీ చూసుకోవాలి. సొద తీసే సాఫ్ట్‌వేర్ ఏదీ ఈ పనికి బదులు రాదు, ఎందుకంటే హెడ్ అందుకోని ధ్వని ఫైల్లోకి అసలు రానే రాదు.

కంప్యూటర్‌కి కలిపేటప్పుడు ప్లేయర్‌కి లైన్ అవుట్ (ధ్వనిని బయటికి పంపే సాకెట్) ఉంటే అది వాడండి. లేకపోతే ఇయర్‌ఫోన్ సాకెట్, వాల్యూమ్ సగానికి. లాప్‌టాప్ మైకు సాకెట్లో నేరుగా గుచ్చితే రెండు రకాలుగా నష్టం: అది ఎక్కువగా మోనో, పైగా మైకు కోసం పెట్టిన బలహీనపు సిగ్నల్ దారి కాబట్టి ధ్వని పగులుతుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. గుయ్‌మనే మోత వస్తుంటే ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

ఆడాసిటీలో (ధ్వనిని ఎక్కించి, కోసి, సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) 44,100 హెర్ట్జ్, స్టీరియో పెట్టి, ఎంత గట్టి చోటైనా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని, ఒక పక్క మొత్తం ఒకే ఫైలుగా ఆపకుండా ఎక్కించండి. మధ్యలో దగ్గులు, మాటలు, కుక్క అరుపు ఏమున్నా ఉండనివ్వండి. వావ్ (కుదించని) ఫైలుగానే దాచండి. 16 బిట్లలో గంటకి 635 ఎంబీ చొప్పున నలభై సీ-60లకి పాతిక జీబీ చిల్లర. ఈ ఫైళ్ళని ఇక ముట్టుకోకూడదు. చేసే పనంతా నకలు మీదే.

ఇంట్లో మోనో రికార్డర్‌లో చేసిన క్యాసెట్లయితే రెండు ఛానెళ్ళలోనూ ఒకే పాట ఉంటుంది. రెంటినీ కలిపెయ్యడం అలవాటు, కానీ ఒకటి బాగా నలిగి ఉంటే కలపడం వల్ల బాగున్నది కూడా చెడుతుంది. విడివిడిగా విని, మంచిదాన్ని ఉంచుకుని రెండోది తీసెయ్యండి.

వేగం కూడా చూడాలి. గొంతు పీలగానో బండగానో అనిపిస్తే ఇలా పట్టుకోవచ్చు. కరెంటు మీద నడిచిన రికార్డర్‌లో చేసిన టేపులో 50 హెర్ట్జ్ మోత సన్నగా పడి ఉంటుంది. పాట లేని చోటు కొన్ని సెకన్లు ఎంచి, ఆడాసిటీలోని ప్లాట్ స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎంతుందో గీసి చూపేది) సైజు 65536 పెట్టి చూస్తే ఆ మోత ఎక్కడుందో శిఖరంలా కనబడుతుంది. 48 దగ్గరుంటే టేపు నెమ్మదిగా నడిచింది, వేగం 4.17 శాతం పెంచాలి. అది అర స్వరస్థానానికి మించిన తేడా, చెవికి తెలుస్తుంది. టేపు ఆపినా వినబడే మోత మీ వైర్లది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. బ్యాటరీ మీద చేసిన రికార్డింగుల్లో ఈ గుర్తు దొరకదు, అక్కడ చెవే దిక్కు.

ఇక సొద. మీ గొంతు నీళ్ళలో మునగడానికి కారణం, మోతాదు ఎక్కువ కావడం. పాట మొదలవకముందు ఒకటి రెండు సెకన్ల సుయ్‌మనే చోటు ఎంచి ప్రొఫైల్ (సొద నమూనా) తీసుకోండి. అందులో టేపు సొద తప్ప ఊపిరి, తంబూరా, గజ్జె ఏదీ ఉండకూడదు. అవి కూడా ప్రొఫైల్లో పడితే పాట పొడుగునా వాటినీ సొదే అనుకుని తీసేస్తుంది. తగ్గింపు 6 నుంచి 8 డెసిబెల్స్ చాలు. సొద పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా. కొంచెం సొద వెనక నిలకడగా ఉంటే రెండు నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. నీటి బుడగల చప్పుడుని మాత్రం మరవనే మరవదు.

జముకుల కథకి ఈ పని అసలు చెయ్యకపోవడం మంచిది. జముకు అంటే ఒక పక్క తోలు బిగించిన గొట్టం, ఆ తోలులోంచి లాగిన తీగ. తీగని మీటుతూ బిగువు పెంచి తగ్గిస్తుంటే బొంయ్‌మని నాదం కిందనుంచి పైకి జారుతుంది. ఆ జారుడే దాని ప్రాణం. మోత పోవాలని అడుగుస్థాయి మొత్తం కోసేసే ఫిల్టర్ పెడితే జముకు కాస్తా డొల్ల చప్పుడవుతుంది. మోత మరీ ఇబ్బందిగా ఉంటే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర మాత్రమే సన్నటి నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క చోటునే కోసేవి) పెట్టి, జముకు పలికే చోట్ల ఎలా ఉందో విని నిర్ణయించుకోండి.

తప్పెటగుళ్ళది ఇంకో రకం చిక్కు. ఎదకి కట్టుకున్న రేకు తప్పెట దెబ్బ మీద దెబ్బ పడుతుంటే ఫోన్ తనంతట తనే ధ్వనిని అణిచేస్తుంది. ప్రతి దెబ్బకీ పాట కుంగిపోయి మళ్ళీ లేస్తుంది, పక్కనుంచి ఎవరో వాల్యూమ్ తిప్పుతున్నట్టు. తీసేసిన దాన్ని బాగుచెయ్యడం కష్టం. ఉన్నంతలో దెబ్బ తక్కువా గొంతు ఎక్కువా ఉన్న ముక్క ఎంచుకోండి. ఈసారి తీసేటప్పుడు ఆటో గెయిన్ ఆపగలిగే, వావ్‌లో దాచే రికార్డర్ యాప్ పెట్టి, గెయిన్ బాగా తగ్గించి, బృందానికి మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడండి. సౌండ్ బాక్సుల ఎదురుగా వద్దు. బాక్సు ధ్వనిలో గజ్జెలుండవు, అడుగుల చప్పుడుండదు, అవి లేని తప్పెటగుళ్ళు తప్పెటగుళ్ళు కావు. ఫోన్ అడ్డంగా నిలువుగా తిప్పకుండా ఏదైనా బల్ల మీద పెట్టేస్తే చేతి రాపిడి పడదు. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన వీడియోలోంచి పాట తీసుకోకండి, తీసినవాళ్ళ ఫోన్‌లోంచే అసలు ఫైలు అడిగి తెచ్చుకోండి.

గట్టి, మెల్ల తేడాకి మందు. చాలామంది నార్మలైజ్ నొక్కి ఊరుకుంటారు. అది శిఖరాలని చూస్తుంది, చెవి సగటుని వింటుంది. ఒక్క తప్పెట దెబ్బ శిఖరం దాకా లేస్తే ఆ పాటంతా మెల్లగానే ఉండిపోతుంది. సన్నాయి ఆపకుండా మోగుతుంది కాబట్టి అదే శిఖరంతో చెవులు చిల్లులు పెడుతుంది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడండి, మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే సగటు గట్టిదనపు కొలత) పెట్టండి, మోనో పాటలకి డ్యూయల్ మోనో గడి టిక్ చెయ్యండి. తప్పెటగుళ్ళని ఆ స్థాయికి తెస్తే దెబ్బలు పగలొచ్చు, అప్పుడు దాని తర్వాత లిమిటర్ (శిఖరాలు హద్దు దాటకుండా ఆపేది) మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టండి. అంతా అయ్యాక కూడా చెవితో ఒకసారి సరిచూడాలి. ఒంటిగొంతు గొబ్బి పాట లెక్క ప్రకారం సమంగా ఉన్నా సన్నాయి పక్కన పెడితే గట్టిగా అనిపిస్తుంది, దాన్ని ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి.

వరస గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి, మిక్స్‌కి మిక్స్ అనే పేరు వచ్చేది ఇక్కడే. ఈ పాటలకి వేళ ఉంది. ఆ వేళ ప్రకారం పేర్చితే గంటంబావులో మూడు రోజుల పండగ నడిచినట్టుంటుంది. భోగి చీకటితో మొదలుపెట్టండి: దూరం నుంచి బుడబుక్కలవాడి డక్కీ, తర్వాత హరిదాసు తంబూరా, చిడతలు. తెల్లవారాక గొబ్బి పాటలు రెండు మూడు. సాయంత్రం భోగిపళ్ళ పేరంటంలో ఆడవాళ్ళు పాడినవేవైనా ఉంటే అక్కడ. పండగ పొద్దున గంగిరెద్దుల సన్నాయి, డోలు. కనుమ రాత్రికి తప్పెటగుళ్ళు, జముకుల కథ. ఆఖర్న మంగళహారతి, అది ఎటూ ఆఖరి పాటే.

వింత పాటలన్నీ ఒకచోట గుదిగుచ్చితే నవ్వు అయిపోతుంది, అలుపు వస్తుంది. నాలుగైదు పాటలకి ఒకటి చొప్పున, బరువైన దాని తర్వాత వెయ్యండి. కొమ్మదాసు చెట్టెక్కి దూకేస్తానని బెదిరించడం, పిట్టలదొర కోతలు లాంటి మాటల ముక్కలుంటే నిమిషంన్నర దాటనివ్వకండి. వినేవాళ్ళు ఇంకాస్త ఉంటే బాగుండుననుకునే చోట ఆపితేనే రుచి. జముకుల కథ రాత్రంతా సాగేది, అందులోంచి అయిదారు నిమిషాలు తియ్యండి. కోత ఎప్పుడూ వంతపాడేవాళ్ళ జవాబు అయ్యాకే పడాలి. కథకుడి వాక్యం మధ్యలో తెగితే వినేవాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది.

పాటల మధ్య ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే క్రాస్‌ఫేడ్ వీటికి నప్పదు. రెండు వేర్వేరు శ్రుతులు కాసేపు కలిసి మోగితే అపశ్రుతే. మామూలుగా రెండు సెకన్ల ఖాళీ, వేళ మారే చోట నాలుగు. ఒకే గొంతువి వరసగా రెండు పెట్టకండి. హెచ్చు శ్రుతి సన్నాయి తర్వాత వెంటనే ఒంటిగొంతు పెడితే పాడినవాళ్ళు శ్రుతి తప్పినట్టు వినబడుతుంది, పాపం వాళ్ళ తప్పేం ఉండదు. మధ్యలో వీణ ముక్కో, మాటల ముక్కో వెయ్యండి. బొబ్బిలివాళ్ళకి వీణకి కరువా! మొత్తం 75 నిమిషాలు, ఇరవై ఇరవై రెండు ముక్కలు. అంతకు మించితే ఒకే బిగిన వినరు, 80 నిమిషాలు దాటితే ఆడియో సీడీలో కూడా పట్టదు.

ప్రతి ముక్కకీ చీటీ రాయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, సుమారు ఏ ఏడు, ఏ క్యాసెట్, ఏ పక్క. పేరు తెలియకపోతే మొదటి మాటలే పేరు. క్యాసెట్ లోపలి అట్ట రెండు పక్కలా ఫొటో తియ్యండి, పెన్సిల్ రాతలు వెలిసిపోతున్నాయి. గొంతులు గుర్తుపట్టాలంటే మీ అమ్మమ్మ వయసువాళ్ళని ఇప్పుడే కూర్చోబెట్టి వినిపించండి. ఎవరి పేరో చెబుతారు, ఫలానా వాళ్ళ పెళ్ళిలో అంటారు, అదంతా చీటీలోకే. కీర్తన ఏదో తేలకపోతే విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పేవాళ్ళకి అరనిమిషం వినిపించండి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన చోటు అది, హరికథా కీర్తనలు వాళ్ళకి కొత్త కావు.

పంచేటప్పుడు ఎంపీ3, 192 కేబీపీఎస్, కాన్‌స్టంట్ బిట్ రేటు. వేరియబుల్ పెడితే పాత కారు ప్లేయర్లు నిడివి తప్పు చూపిస్తాయి. మిక్స్ మొత్తం 108 ఎంబీ వస్తుంది. కారులో వరస చెడడానికి కారణం రెండింట్లో ఒకటి. మొదటిది, ఫైళ్ళకి 1, 2, 10 అని పెట్టడం: 1 తర్వాత 10 వచ్చేస్తుంది, కాబట్టి 01, 02 అని రెండంకెలు. రెండోది, చాలా ప్లేయర్లు పేరు చూడవు, పెన్ డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కిందో అదే ముందు ఆడిస్తాయి. డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలూ వరసలో కాపీ చెయ్యండి, అన్నీ కలిపి లాగి పడెయ్యకండి. 16 లేదా 32 జీబీ డ్రైవ్ కొనండి. అంతకన్నా పెద్దవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, చాలా కార్లు చదవవు. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, తెలుగైతే పాత తెరల మీద డబ్బాలు కనబడతాయి. తెలుగు చీటీలన్నీ ఒక పీడీఎఫ్‌గా అదే డ్రైవ్‌లో వెయ్యండి. దూరపు చుట్టాలకి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

హక్కుల మాట తప్పకుండా గుర్తుంచుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ రక్షణ. 1960లో వచ్చిన రికార్డుకి 2020 ఆఖరుతో తీరింది. పాట రాసినవాళ్ళ హక్కు మాత్రం వాళ్ళు పోయాక 60 ఏళ్ళదాకా ఉంటుంది. పల్లెల్లో పాడుకునేవన్నీ జానపదాలు అనుకోవద్దు. వంగపండు ప్రసాదరావు పాటలు ఎన్నో కర్త పేరు లేకుండానే నోళ్ళలో నానుతున్నాయి. ఆయన పోయింది 2020లో, అంటే 2080 దాకా అవి ఆయన వారసులవి. కొన్న క్యాసెట్లలో పాటలు, సినిమా పాటలు మీరు మీ ఇంట్లో వినడానికి ఉంచుకోండి, పంచే మిక్స్‌లోనూ యూట్యూబ్‌లోనూ వద్దు. పంచేదాంట్లో మీ ఇంటివాళ్ళు పాడినవి, మీరు అడిగి తీసినవి ఉండనివ్వండి. తప్పెటగుళ్ళ బృందానికీ, జముకుల కథ చెప్పినవాళ్ళకీ ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. బృందం పెద్దని కలిసి, ఎవరెవరికి ఇస్తున్నారో చెప్పి ఒప్పించుకోండి, పేర్లు ఆయన చెప్పిన వరసలోనే రాయండి.

మొదటి కాపీ వాళ్ళదే. వాళ్ళలో చాలామంది చేతిలో కీప్యాడ్ ఫోనే ఉంటుంది కాబట్టి పెన్ డ్రైవ్ కాకుండా 32 జీబీ లోపు మెమరీ కార్డు తీసుకోండి. వాళ్ళ ప్రదర్శన మాత్రం కోతల్లేకుండా మొత్తం, 128 కేబీపీఎస్‌లో, అరగంటకో ఫైలు చొప్పున ముక్కలు చేసి వెయ్యండి, మరీ పొడుగు ఫైలైతే చిన్న ఫోన్లో మధ్యకి జరపడం కష్టం. కార్డు ఫోన్లో పెట్టి, అక్కడే ఒకసారి మోగించి చూపించి మరీ ఇచ్చి రండి.